మన పేర్లు మోసిన మూడు విమానాలు: ఎయిర్‌ఫిక్స్ 1/72 స్పిట్‌ఫైర్, హరికేన్, డిఫయంట్ కిట్ల సమీక్ష

సైనిక నమూనాలు కట్టే అలవాటున్న వారికి స్పిట్‌ఫైర్, హరికేన్ పేర్లు కొత్తవి కావు. 1940 వేసవిలో బ్రిటన్ ఆకాశంలో జర్మన్ విమానాలను ఎదిరించిన యుద్ధ విమానాలివి. అయితే ఆ పోరాటంలో పాల్గొన్న దళాలలో రెండింటికి హైదరాబాద్ పేరు, ఒకదానికి మద్రాస్ ప్రెసిడెన్సీ పేరు అధికారికంగానే ఉండేవన్న సంగతి, ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్న నాకు కూడా ఈమధ్య వరకు తెలియదు. 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లను, 253 (హైదరాబాద్ స్టేట్) స్క్వాడ్రన్ హరికేన్లను, 264 (మద్రాస్ ప్రెసిడెన్సీ) స్క్వాడ్రన్ డిఫయంట్లను నడిపాయి. యుద్ధానికి పెద్ద మొత్తాల్లో విరాళాలిచ్చిన సంస్థానాల పేర్లు, ప్రాంతాల పేర్లు ఇలా దళాలకు పెట్టేవారు. వాటిని గిఫ్ట్ స్క్వాడ్రన్లు అనేవారు.

మా నాన్నగారిది నల్గొండ జిల్లా, అమ్మది తెనాలి దగ్గరి పల్లె. 1940 నాటికి ఒకటి నిజాం రాజ్యంలో ఉంది, మరొకటి మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉంది. అందువల్ల ఈ మూడు స్క్వాడ్రన్ల సంగతి చదివిన రోజే, మూడు విమానాలనూ ఒకే కొలతలో కట్టి ఒకే అరలో పక్కపక్కన నిలబెట్టాలని నిశ్చయించుకున్నాను. మూడూ ఒకే కంపెనీ నుంచి, ఒకే స్కేలులో (1/72, అంటే అసలు విమానంలో 72వ వంతు), ఈ కాలపు అచ్చులతో దొరికేది ఎయిర్‌ఫిక్స్‌లో కాబట్టి ఆ కిట్లే తీసుకున్నాను. ఆరు నెలల పని పూర్తయింది. ఇక్కడ రాస్తున్నది మూడు పెట్టెల మంచిచెడ్డలతో పాటు, వాటితో మన పేరున్న స్క్వాడ్రన్ల విమానాలు కట్టాలనుకునేవారు ముందే తెలుసుకోవలసిన సంగతులు కూడా.

ముందుగా పెట్టె ఎంపిక గురించి చెప్పాలి, ఎందుకంటే కొత్తవారు మొదట పొరపడేది ఇక్కడే. ఎయిర్‌ఫిక్స్ తన మొదటి స్పిట్‌ఫైర్ కిట్‌ను 1953లో విడుదల చేసింది. అప్పటి నుంచి ఇప్పటి వరకు ఆ ఒక్క విమానానికే అనేక అచ్చులు వచ్చాయి, పాతవి పోయాయి, కొన్ని మళ్లీ తిరిగి వచ్చాయి. పాత అచ్చులతో పోసిన వాటిని ఇప్పుడు వింటేజ్ క్లాసిక్స్ అనే పేరుతో వేరుగా అమ్ముతున్నారు. పాత జ్ఞాపకాల కోసం కొనేవారికి అవి సరే; కాక్‌పిట్‌లో వివరం, రెక్కల మీద చెక్కినట్టుండే గీతలు, సరిగ్గా అతికే భాగాలు కావాలనుకునేవారు మాత్రం కొత్త అచ్చులే తీసుకోవాలి. స్పిట్‌ఫైర్ మార్క్ 1ఏ కొత్త అచ్చు 2010లోను, హరికేన్ మార్క్ 1 కొత్త అచ్చు 2013లోను, డిఫయంట్ మార్క్ 1 కొత్త అచ్చు 2015లోను వచ్చాయి. ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకునే మిగతా మాటలన్నీ.

పెట్టెలు చేతికి వచ్చినప్పుడు నన్ను ఆపి చూసేలా చేసిన సంగతి మరొకటుంది. రెండు పెట్టెల అంచున 'మేడ్ ఇన్ ఇండియా' అని అచ్చు వేసి ఉంది. 2010 తర్వాత చాలా ఏళ్లు ఎయిర్‌ఫిక్స్ కిట్లలో అనేకం మన దేశంలోనే పోత పోశారు. ఇక్కడ పోసిన ప్లాస్టిక్ ఇంగ్లండ్ వెళ్లి, అక్కడి దుకాణం నుంచి మళ్లీ సముద్రం దాటి సికింద్రాబాద్‌లోని నా బల్ల మీదికి వచ్చింది. ఈ ప్రయాణం ఖర్చంతా మన జేబులోంచే పోతుంది. దిగుమతి సుంకం, రవాణా కలిస్తే కిట్ అసలు ధరకు దాదాపు సమానమైన మొత్తం అదనంగా పడింది. ఇక్కడ తయారైన వస్తువు ఇక్కడి పిల్లలకు అందుబాటు ధరలో దొరకకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఇక స్పిట్‌ఫైర్. భాగాలు నలభై లోపే ఉంటాయి. పూర్తయిన విమానం రెక్కల చివర నుంచి చివరికి 156 మిల్లీమీటర్లు, అంటే అరచేతిలో పెట్టుకుంటే రెక్కలు రెండు పక్కలా బయటికి వచ్చేటంత. అసలు విమానం రెక్కల పొడవు 11.23 మీటర్లు, 72తో భాగిస్తే సరిగ్గా ఈ కొలతే వస్తుంది. స్పిట్‌ఫైర్ అందమంతా ఆ దీర్ఘవృత్తపు రెక్కలో ఉంది. ఆ వంపు ఏమాత్రం తప్పినా చూసేవారికి తప్పెక్కడుందో తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది. ఈ కిట్‌లో ఆ వంపు చక్కగా వచ్చింది. కింది రెక్క ఒకే ముక్కగా ఉండి, పై రెక్కలు రెండు ముక్కలుగా దాని మీద కూర్చుంటాయి కాబట్టి, రెక్కలు రెండూ సమానంగా పైకి లేచి నిలబడడం కట్టేవారి చేతి నేర్పు మీద కాకుండా అచ్చు మీదే ఆధారపడుతుంది. మొదటిసారి కట్టేవారికి ఇది ఎంతో మేలు.

ఈ తరం కిట్ల మీద మోడలర్లు సాధారణంగా చెప్పే అభ్యంతరం రెక్కల మీది గీతలు ఉండవలసినదానికంటే వెడల్పుగా, లోతుగా ఉంటాయన్నది. అభ్యంతరం న్యాయమైనదే. అసలు విమానం మీద లోహపు రేకులు కలిసే చోట వెంట్రుకవాసి సందు ఉంటుంది. దాన్ని 72 రెట్లు తగ్గిస్తే కంటికి కనిపించనే కూడదు. అయితే ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత) ఒక పొర, రంగు రెండు పొరలు, వార్నిష్ రెండు పొరలు పడేసరికి ఆ గీతలు సగం పూడుకుపోతాయి. నేను గీతలను నల్లరంగు నీళ్లతో నింపే అలవాటును ఈ కిట్ వరకు మానుకున్నాను. నీడ దానంతట అదే పడుతుంది; నల్లరంగు కూడా తోడైతే విమానం గళ్ల లుంగీలా కనిపించే ప్రమాదముంది.

అసలు పని డెకాల్స్ దగ్గర, అంటే నీళ్లలో నానబెట్టి విమానం మీదికి జార్చి అతికించే గుర్తుల దగ్గర మొదలైంది. నాకు దొరికిన పెట్టెలో ఉన్నవి వేరే స్క్వాడ్రన్ గుర్తులు. 152 స్క్వాడ్రన్ విమానాల దేహం మీద 'యూఎం' అనే రెండక్షరాలు ఒక పక్కన, విమానానికి ప్రత్యేకమైన మరో అక్షరం రెండో పక్కన, మధ్యలో పసుపు అంచున్న నీలం, తెలుపు, ఎరుపు వలయం ఉండేవి. అక్షరాల రంగు మీడియం సీ గ్రే అనే లేత బూడిద రంగు. ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి విడిగా అక్షరాల డెకాల్ షీటు తెప్పించాను. అది ఎన్నాళ్ల నుంచి గోదాములో మూలిగిందో కానీ, గోరువెచ్చని నీళ్లలో వేసిన మొదటి అక్షరమే నాలుగు ముక్కలై తేలింది. అమ్మినవారికి ఫోటో పంపితే జవాబు లేదు. అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఒకటుంది: బయట కొన్న ఏ షీటులోనైనా, అవసరం లేని చిన్న గుర్తును ముందుగా నీళ్లలో వేసి చూస్తాను. అది చెక్కుచెదరకుండా జారితేనే మిగతావి కత్తిరిస్తాను. చిట్లితే షీటంతటి మీదా పల్చగా మెరుపు (గ్లాసీ) వార్నిష్ కొట్టి, ఒక రోజంతా ఆరనిచ్చి, ఆ తర్వాత ఒక్కొక్క గుర్తును అంచు వెంట దగ్గరగా కత్తిరించి వాడతాను. వార్నిష్ పొర పట్టి ఉంచుతుంది కాబట్టి ముక్కలు కాదు.

ఆ విధంగానే 'యూఎం' అతికించాను. అసలు విమానం మీద 30 అంగుళాల ఎత్తుండే అక్షరం ఇక్కడ సుమారు పదిన్నర మిల్లీమీటర్లవుతుంది. కుంచె కొనతో నీటి చుక్క పెట్టి, దాని మీదికి అక్షరాన్ని జార్చి, దూదిపుల్లతో మధ్య నుంచి అంచులకు నీటిని నెట్టాలి. 'ఎం' అక్షరపు కాలు వలయపు పసుపు అంచుకు తగలకుండా, అలాగని దూరం కాకుండా నిలవడానికి మూడుసార్లు నీరు పెట్టి కదపవలసి వచ్చింది. కింద రంగు మెరుపుగా, నున్నగా ఉంటేనే అక్షరం చుట్టూ ఉన్న పారదర్శకపు పొర కనిపించకుండా కలిసిపోతుంది. మ్యాట్ రంగు మీద నేరుగా అతికిస్తే పొర కింద గాలి చిక్కుకుని వెండి మెరుపులా తెల్లగా తేలుతుంది. ఆ పొరపాటు ఒకసారి చేసినవారు మళ్లీ చేయరు. అక్షరం ఆరాక దాన్ని మెత్తబరిచే ద్రవం, డెకాల్ సాఫ్టెనర్, ఒక చుక్క రాస్తే రేకు గీతల్లోకి కూడా దిగి, రంగుతో రాసినట్టే కనిపించింది.

రంగుల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. 1940 జూన్‌కు ముందు బ్రిటిష్ యుద్ధ విమానాల కింది భాగం సగం నలుపు, సగం తెలుపుగా ఉండేది; జూన్ నుంచి స్కై అనే లేత పచ్చని రంగుకు మారింది. 152 స్క్వాడ్రన్ ఆ జూలైలో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని వార్మ్‌వెల్ స్థావరానికి వచ్చి పోరాడింది కాబట్టి, ఆ కాలపు విమానం కట్టేవారు కింద స్కై వేయాలి. పైన డార్క్ ఎర్త్ అనే మట్టి రంగు, డార్క్ గ్రీన్ వంకర పట్టీలుగా, అంటే మడతలుగా ఉంటాయి. హంబ్రోల్ కంపెనీ రంగులు వాడేవారికి వరుసగా 29, 30 అంకెలు. స్కై రంగుకు 90. విమానాల వరుస సంఖ్య సరిసంఖ్యా బేసిసంఖ్యా అన్నదాన్ని బట్టి ఈ పై మడతలను ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా తిప్పి వేసేవారు. కాబట్టి పెట్టెలోని గుర్తులు వదిలి మరో విమానం కట్టేవారు, కిట్ వెనుక ముద్రించిన రంగుల పటాన్ని గుడ్డిగా అనుసరించకూడదు. నేను ఎంచుకున్న విమానానికి మడతలు తిప్పి వేయవలసి వచ్చింది. ఆ విమానపు పాత ఫోటోను భూతద్దంతో చూసి ఉండకపోతే ఈ సంగతి నాకు పట్టేది కాదు.

152 స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా ఉంది. దాని కింద ఉన్న ధ్యేయవాక్యానికి 'నమ్మకమైన మిత్రుడు' అని అర్థం. అది బ్రిటిష్ ప్రభుత్వం నిజాంకు ఇచ్చిన బిరుదే. ఆ చిహ్నాన్ని విమానం మీద కాకుండా చెక్క పీఠం మీద చిన్న ముద్రణగా పెట్టాను. తర్వాతి సంవత్సరాలలో ఈ స్క్వాడ్రన్ బర్మా రంగానికి వచ్చి, మార్క్ 8 స్పిట్‌ఫైర్ల మీద వలయం గుండా దూకుతున్న నల్ల చిరుతను చిత్రించుకుంది. నేను చూసిన స్క్వాడ్రన్ గుర్తులన్నింటిలో నాకు ఎక్కువ నచ్చినది అదే.

హరికేన్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, ఎందుకంటే మూడింటిలో ఎక్కడా ఇబ్బంది పెట్టనిది అదే. దాన్ని నేను కాకుండా పన్నెండేళ్ల మా అమ్మాయి కట్టింది. రెండు ఆదివారాలు పట్టింది. నిప్పర్ అనే చిన్న కత్తెరతో భాగాన్ని, అది అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం నుంచి కొంచెం దూరంగా కత్తిరించి, మిగిలిన మొటిమను ఉప్పుకాగితంతో అరగదీయడం మాత్రం నేను చూపించాను. హరికేన్ దేహం వెనుక సగం అసలు విమానంలో గుడ్డ కప్పినది. కింద ఉన్న చెక్క పట్టీల మీద గుడ్డ బిగిసినప్పుడు ఏర్పడే మెత్తని ఎత్తుపల్లాలను ఈ అచ్చులో బాగా పట్టుకున్నారు. కొనేటప్పుడు చూసుకోవలసినది ఒక్కటే. ఈ శ్రేణిలో గుడ్డ రెక్కల హరికేన్ వేరు, లోహపు రెక్కల హరికేన్ వేరు. 1940 ఆగస్టు చివర కెన్లీ స్థావరం నుంచి పోరాడిన 253 స్క్వాడ్రన్ విమానం కట్టాలంటే లోహపు రెక్కల పెట్టె తీసుకోవడం మేలు, ఎందుకంటే ఆ నాటికి ఎక్కువ హరికేన్లకు అవే ఉండేవి. ఈ స్క్వాడ్రన్ అక్షరాలు 'ఎస్‌డబ్ల్యూ'. ఇవి కూడా విడిగా సంపాదించుకోవలసిందే.

డిఫయంట్ దగ్గర మాత్రం ఆగి మాట్లాడాలి. మూడింటిలో అచ్చు పరంగా కొత్తది ఇదే, అత్యుత్తమమైనదీ ఇదే. 2010 స్పిట్‌ఫైర్ పక్కన దీన్ని పెట్టి చూస్తే అయిదేళ్లలో అచ్చుల తయారీ ఎంత ముందుకు పోయిందో రెక్కల మీది గీతలే చెబుతాయి. ఇవి సన్నగా, పదునుగా ఉన్నాయి. సూచనల పుస్తకంలో అప్పటికే అతికించిన భాగాన్ని ఎర్రరంగులో చూపే పద్ధతి వల్ల, కొత్త ముక్క ఎక్కడ ఏ కోణంలో కూర్చోవాలో వెతుక్కోవలసిన పని ఉండదు. కాక్‌పిట్‌ను, తుపాకి గోపురాన్ని విడివిడిగా పూర్తిచేసి చివర అమర్చుకోవచ్చు.

మా అమ్మాయి తన హరికేన్ పక్కన దీన్ని పెట్టి చాలాసేపు చూసి, "నాన్నా, దీనికి ముందు వైపు తుపాకులే లేవేం?" అని అడిగింది. ఈ విమానం చరిత్రంతా ఆ ప్రశ్నలోనే ఉంది. స్పిట్‌ఫైర్, హరికేన్ రెక్కల్లో ఎనిమిదేసి బ్రౌనింగ్ మెషీన్‌గన్లు ముందుకు కాల్చేవి. డిఫయంట్‌కు ముందుకు కాల్చే తుపాకి ఒక్కటీ లేదు. పైలట్ వెనుక ఉన్న తిరిగే గోపురంలో కూర్చున్న రెండో మనిషి చేతిలో నాలుగు తుపాకులుండేవి. బాంబర్ల పక్కన ఎగురుతూ వాటిని కొట్టడానికి ఈ ఏర్పాటు చేశారు. ఫ్రాన్స్ తీరంలోని డంకర్క్ నుంచి మిత్రపక్ష సేనల తరలింపు జరుగుతున్న 1940 మే 29న ఒక్కరోజులో 264 స్క్వాడ్రన్ 30కి పైగా శత్రు విమానాలను కూల్చినట్టు ప్రకటించింది. ఆ లెక్క వాస్తవం కంటే చాలా ఎక్కువని తర్వాత తేలింది. జర్మన్ పైలట్లు ఎదురుగానూ, కింది నుంచీ వస్తే డిఫయంట్ ఏమీ చేయలేదని గ్రహించాక పరిస్థితి తిరగబడింది. ఆగస్టు చివరి వారంలో 264 స్క్వాడ్రన్ తీవ్రంగా నష్టపోయి, పగటి పోరాటం నుంచి తప్పుకుంది. ఆ తర్వాత డిఫయంట్లు రాత్రి వేళ పోరాడే విమానాలుగా పనిచేశాయి.

2015 నాటి పెట్టెలో నాకు దొరికిన గుర్తులు 264 స్క్వాడ్రన్‌వే, అందులోనూ దళాధిపతి ఫిలిప్ హంటర్ నడిపిన, వరుస సంఖ్య ఎన్1535, అక్షరాలు పీఎస్-ఏ ఉన్న విమానానివి. 1940 ఆగస్టు 24న హంటర్, ఆయన వెనుక గోపురంలో కూర్చునే ఫ్రెడ్ కింగ్ ఇదే విమానంలో వెళ్లి తిరిగి రాలేదు. ఈ సంగతి తెలిశాక ఆ చిన్న గోపురంలో తుపాకులు అతికించడం మామూలు పనిగా అనిపించలేదు. గోపురంలోని మనిషి ప్రమాదంలో బయటపడడం ఎంత కష్టమో, ఆ నాలుగు తుపాకుల మధ్య మిగిలిన చోటు చూస్తే తెలుస్తుంది. 1/72లో అది బఠానీ గింజ పట్టేంత చోటు.

గోపురం మీది పారదర్శకపు కప్పుకు రంగు వేయడమే ఈ కిట్‌లో అసలైన పరీక్ష. అద్దాల మధ్య ఉండే లోహపు పట్టీలు అర మిల్లీమీటరుకు అటూ ఇటుగా ఉంటాయి. మాస్కింగ్ టేపును గాజు పలక మీద అతికించి, కొత్త బ్లేడుతో సన్నని పీలికలుగా కోసి, ఒక్కొక్క అద్దం అంచు వెంట నాలుగు పీలికలు పెట్టి, మధ్య భాగాన్ని ద్రవ మాస్క్‌తో (ఆరాక పొరలా ఊడివచ్చే ద్రవంతో) నింపాను. మొదట కాక్‌పిట్ లోపలి లేత ఆకుపచ్చ, అంటే హంబ్రోల్ 78, దాని మీద బయటి రంగు వేస్తే, లోపలి నుంచి చూసినప్పుడు పట్టీ లోపలి రంగులోనే కనిపిస్తుంది. ఈ పనికి రెండు సాయంత్రాలు పట్టింది. తొందరపడి గ్లూ అంటిన వేలితో పక్కనున్న పైలట్ కప్పును పట్టుకోవడం వల్ల దాని మీద వేలిముద్ర పడింది. అతి సన్నని ఉప్పుకాగితంతో తడిపి రుద్ది, తర్వాత పళ్లపొడితో మెరుగుపెడితే చాలావరకు పోయింది. వెలుతురుకు అడ్డం పెడితే ఇప్పటికీ మసక కనిపిస్తుంది. పారదర్శకపు భాగాలకు మామూలు ప్లాస్టిక్ గ్లూ కాకుండా, ఆరాక కనిపించకుండా పోయే తెల్లని పీవీఏ గ్లూ వాడాలని తెలిసి కూడా చేసిన తప్పది.

డిఫయంట్ తర్వాతి ముద్రణలలో వేరే స్క్వాడ్రన్ల గుర్తులు రావచ్చు కాబట్టి, మద్రాస్ ప్రెసిడెన్సీ విమానం కోసమే కొనేవారు పెట్టె పక్కన ముద్రించిన పటంలో 'పీఎస్' అక్షరాలున్నాయో లేదో చూసి డబ్బు కట్టాలి. తుపాకి గోపురం, దాని వెనుక నడుము భాగం కొంత సున్నితమైనవి కాబట్టి ఇది మొదటి కిట్‌గా తగదు. రెండు మూడు విమానాలు కట్టి, కప్పులకు రంగు వేయడం అలవాటైనవారికి మాత్రం ఈ ధరలో ఇంతకంటే తృప్తినిచ్చే కిట్ నాకు తెలియదు.

మనుషుల బొమ్మల విషయానికొస్తే నా అభిప్రాయం అంత ఉత్సాహంగా లేదు. విమానాల చుట్టూ నిలబెట్టడానికి ఇదే కంపెనీ వారి రాయల్ ఎయిర్‌ఫోర్స్ సిబ్బంది పెట్టె తీసుకున్నాను. ఇది వింటేజ్ క్లాసిక్స్ శ్రేణిలోది, పాత అచ్చు. 1/72లో మనిషి ఎత్తు సుమారు 24 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి మీది రెండు కణుపులంత కూడా కాదు. ఆ కొలతలో భంగిమలు బాగానే చెక్కారు, పైలట్లను, నేల మీద పనిచేసేవారిని వేరుగా గుర్తుపట్టవచ్చు. ఇబ్బందంతా వాటిని పోసిన మెత్తని పాలిథీన్‌తోనే. దానికి మామూలు గ్లూ అంటదు, ఉప్పుకాగితంతో గీస్తే నునుపు కావడానికి బదులు పీచు లేస్తుంది, వంగినప్పుడు రంగు రాలుతుంది. సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టి, ప్లాస్టిక్‌కు పట్టే ప్రైమర్ పల్చగా రెండుసార్లు కొట్టి, పీఠం మీద అతికించాకే రంగు వేస్తే కొంత నిలుస్తుంది. అతుకు గీతలను తీయడానికి కత్తి కొత్త బ్లేడుతో గీరడం కాకుండా కోయడమే మార్గం.

ఇదే డబ్బుతో గట్టి ప్లాస్టిక్ బొమ్మలు 1/48లోను, 1/35లోను ఎంతో మెరుగైనవి దొరుకుతాయి. 1/72లో విమానాలు కట్టేవారికి ఆ అదృష్టం తక్కువ. నేను చివరికి పెట్టెలోని బొమ్మలన్నింటిలో నాలుగింటినే వాడాను: డిఫయంట్ పక్కన ఇద్దరు, స్పిట్‌ఫైర్ రెక్క దగ్గర ఒక మెకానిక్, కొంచెం దూరంగా నిలబడిన ఒక పైలట్. ఎక్కువమందిని పెడితే కన్ను విమానం మీది నుంచి బొమ్మల మీదికి పోయి, వాటి లోపాలు తెలిసిపోతాయి.

రంగుల కొనుగోలు గురించి ఒక మాట. ఎనామిల్ రంగులు, థిన్నర్లు మండే పదార్థాలు కాబట్టి చాలా కొరియర్ సంస్థలు విమానంలో పంపడానికి ఒప్పుకోవు. నేను విదేశం నుంచి కిట్లతో పాటు పెట్టిన రంగుల ఆర్డరు రద్దయి, డబ్బు తిరిగి రావడానికి నెల పట్టింది. నీటితో పలచన చేసే అక్రిలిక్ రంగులు ఇక్కడే కొనుక్కోవడం సుఖం. ఎయిర్‌ఫిక్స్ వారి స్టార్టర్ సెట్లలో చిన్న డబ్బాల్లో రంగులు, కుంచె, గ్లూ కలిపే వస్తాయి. పిల్లలకు మొదటి కిట్‌గా ఇవ్వడానికి అవి సరిపోతాయి. వానాకాలంలో రంగు పొరల మధ్య ఒక రోజు ఎక్కువ ఆగడం, వార్నిష్ కొట్టే రోజు ఎండ చూసుకోవడం మన వాతావరణంలో తప్పనిసరి. గాలిలో తేమ ఉన్నప్పుడు కొట్టిన మ్యాట్ వార్నిష్ తెల్లగా పొగమంచులా మారి, రెండు వారాల పనిని నిమిషంలో పాడు చేయగలదు.

కొనే క్రమం అడిగితే హరికేన్ ముందు, స్పిట్‌ఫైర్ తర్వాత, డిఫయంట్ చివర అని చెబుతాను. ఒక్కటే కొనగలిగినవారు, పని కొంచెం తెలిసినవారైతే డిఫయంట్ తీసుకోవాలి. హైదరాబాద్ పేరున్న దళాల కోసమే కడుతున్నవారు అక్షరాల డెకాల్ షీటు ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి, ఎందుకంటే నాకు దొరికిన స్పిట్‌ఫైర్, హరికేన్ పెట్టెల్లో ఆ గుర్తులు లేవు. తయారీదారులు ఎప్పుడైనా ఈ గిఫ్ట్ స్క్వాడ్రన్ల గుర్తులను కలిపి ఒక పెట్టెగా తెస్తే, కొనేవారు లండన్‌లోనే కాదు, హైదరాబాద్‌లోను, విజయవాడలోను కూడా ఉంటారని నా గట్టి నమ్మకం.

నా అరలో ఇంకొక విమానానికి చోటు వదిలాను. రెండో యుద్ధం కంటే ముందే, 1918లో, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డీహెచ్ 9ఏ బాంబర్లతో 110 స్క్వాడ్రన్ ఫ్రాన్స్ వెళ్లింది. ఆ విమానాల దేహం మీద అవి హైదరాబాద్ నిజాం కానుక అని ఇంగ్లీషులో రాసి ఉండేది. వాటిలో ఎఫ్1010 అనే విమానం జర్మన్లకు చిక్కి, దేశాలు మారి, ఇప్పుడు లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది. అక్కడున్న మన వాళ్లు వెళ్లి ఆ రాతను దగ్గరగా ఫోటో తీసి పంపితే, నా వంటివారికి అక్షరాల ఆకారం, అంతరం తెలుస్తాయి. ఎయిర్‌ఫిక్స్ శ్రేణిలో ఆ విమానం లేదు. ఇతరుల కిట్ ఏదైనా 1/72లో దొరికే వరకు, స్పిట్‌ఫైర్‌కు ఎడమవైపున 195 మిల్లీమీటర్ల వెడల్పున ఆ చోటు అలాగే ఉంచాను.